ఒక్క పిలుపుకి పలకకూడదు

మా క్వార్టర్ల వరసలో ఏ వస్తువు పోయినా జనం ముందు వెళ్ళేది పోలీసుల దగ్గరికి కాదు, సౌభాగ్య వదిన దగ్గరికి. ఆమె చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి బతుకుతుంది. మిషన్ కిటికీ పక్కనే వేసుకుని కూర్చుంటుంది కనక లైనులోకి ఎవరొచ్చారో, ఎవరు ఏం పట్టుకుపోయారో ఆమె కంట పడకుండా ఉండదు. ఒకసారి దండెం మీద ఆరేసిన నా పట్టుచీర మాయమైంది. నేను లబోదిబోమంటూ లైనంతా తిరిగి అందరి మీదా అరిచాను. వదిన మాత్రం తన మిషన్ పని తాను చేసుకుంది. దుర్గాపూజ పందిట్లో ఒకావిడ కొంగు పట్టుకుని, అంచు వెనక్కి తిప్పి, "ఈ పీకో నా చేతిది. దారం రంగు సరిపోక ఇక్కడ మార్చినాను, సూడు" అంది. ఆవిడ ఆ రాత్రే చీర తెచ్చి ఇచ్చేసింది. అప్పట్నుంచీ పిల్లలు ఆమెను జాసూస్ ఆంటీ, అంటే డిటెక్టివ్ ఆంటీ అంటారు.

అంత కన్ను ఉన్న మనిషికి సొంత మొగుడు ఏమయ్యాడో తెలీదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉంది ఆమె బతుకు అని మా లైను ఆడవాళ్ళు వెనక అనుకుంటారు. ఆ సామెత నా ముందు వాడితే నేను ఊరుకోను. నా పేరు రాజశ్రీ. బొబ్బిలి నుంచి కోడలిగా బిలాస్‌పూర్ వచ్చాను. మా ఆయన దిలీప్‌ది లోకో షెడ్‌లో పని. వదిన ఉన్నది మా పక్క క్వార్టర్‌లోనే. ఆమె గురించి తప్పుగా అన్నవాళ్ళతో దెబ్బలాడ్డం నాకు అలవాటైపోయింది.

ఆమె భర్త రాజేంద్ర గ్యాంగ్‌మన్. పట్టాల మీద పనిచేసే గ్యాంగుకు విజిల్ ఊది, జెండా ఊపి, బండి వస్తోందని చెప్పేవాడు. ఒక మంచు పొద్దున బండి వచ్చింది. అందరూ పక్కకు దూకారు, అప్పలస్వామి అనే అతను దూకలేదు. కాలు పోయింది. ఆ గొడవలో రాజేంద్ర జెండా అక్కడే పారేసి పొదల్లోకి నడిచిపోయాడు. మళ్ళీ కనబడలేదు. తర్వాత ఆస్పత్రి మంచం మీద అప్పలస్వామే చెప్పాడు, "ఆడు విజిల్ ఊదినాడు బాబూ, నాకే ఇనబడనేదు" అని. ఆ మాట రాజేంద్ర చెవిన పడి ఉంటే ఈ కథే లేదు.

అతను పోయిన వారంలోనే మస్తూరీ వైపు పట్టాల పక్కన గుర్తుపట్టలేని శవం దొరికిందని కబురొచ్చింది. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. మర్నాడు మిట్టమధ్యాహ్నం అత్తాకోడళ్ళిద్దరే ఇంట్లో ఉండగా, వీధి తలుపు అవతల నుంచి రాజేంద్ర గొంతు వినబడింది.

"సౌభాగ్యా."

ఒక్కసారే. వదిన లేవబోయింది. అత్తగారు మంగాయమ్మ మీదపడి ఆమె నోరు అరచేత్తో గట్టిగా మూసేసింది.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు రైల్వే పనికని వచ్చిన ఇళ్ళు మావి. పిల్లలకు తెలుగు చదవడం రాదు, సగం మాట హిందీలోనే పూర్తవుతుంది. కానీ ఒక్క పిలుపుకి పలకకూడదన్న సంగతి మాత్రం పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. బయటి నుంచి పేరు పెట్టి పిలిచింది మనిషైతే మళ్ళీ పిలుస్తాడు, మూడోసారీ పిలుస్తాడు. గాలీ ధూళీ అయితే ఒక్కసారే పిలుస్తుంది. పలికామా, వెంటబెట్టుకు పోతుంది. మా లైనుకొచ్చే గ్యాస్ బండివాడు బీహారీ, వాడు కూడా మూడేసి సార్లు అరవడం నేర్చుకున్నాడు. లేకపోతే తలుపులు తెరుచుకోవు మరి.

మంగాయమ్మ చెయ్యి తీయలేదు. ఇద్దరూ రెండో పిలుపు కోసం ఎదురుచూశారు. రాలేదు. చివరికి తలుపు తీసేసరికి వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. చచ్చిపోయిన కొడుకే పెళ్ళాం కోసం వచ్చాడని మంగాయమ్మ నిమ్మకాయలు కట్టింది. కొన్నాళ్ళకు ఆ శవం మస్తూరీ దగ్గర పల్లె మనిషిదని తేలి, వాళ్ళవాళ్ళు తీసుకుపోయారు. మరి ఆ మధ్యాహ్నం పిలిచింది ఎవరు? రాజేంద్ర ఉన్నాడా, లేడా? సౌభాగ్య వదిన బతుకంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

పదేళ్ళు దాటింది. ఆమె బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పేరంటం వస్తే లైనులో పెద్ద తికమక. పిలవాలా వద్దా? పిలిస్తే అశుభమని ఒకరు, పిలవకపోతే బతికున్న మగాణ్ణి చంపినట్టని ఒకరు. వదినే ఆ రోజు తలుపేసుకుని మిషన్ తొక్కుకుంటూ కూర్చునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. వాయనం పట్టుకుని వాళ్ళింటికి నేనే వెళ్ళేదాన్ని. తీసుకునేది, కానీ పసుపు రాయించుకునేది కాదు.

"తెలిసిననాడు రాయించుకుంటాను, లేకపోతే మానీస్తాను. తెలీకుండా ఏదీ వద్దే" అనేది.

ఇదంతా పాత సంగతి. అసలు సంగతి ఈ వైశాఖంలో మొదలైంది.

వదిన ఇంటికి రెండోపక్క క్వార్టర్ జగన్నాథం బాబాయిది. ఆయన భార్య శాంతాదేవి పిన్ని చలికాలంలో పోయింది. పోయింది ధనిష్ఠా పంచకంలో. ఆ నక్షత్రాల్లో పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి కదా. బాబాయి తాళం వేసి, నది దాటి సర్కండాలో అద్దె ఇంటికి మారిపోయాడు. ఆ ఇంటి ముందు ఎవరూ చెప్పులు కూడా విడవరు.

ఆ రోజు నేను ఫాల్ వేయించుకోడానికి వెళ్ళి వదిన పక్కన కూర్చున్నాను. వడగాలికి వీధిలో కుక్క కూడా లేదు. మంగాయమ్మకిప్పుడు చెవులు వినబడవు, మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. గోడ అవతల నుంచి, అంటే తాళం వేసిన ఇంట్లోంచి, ఎవరో దగ్గారు. ఛాతీ లోపల్నుంచి వచ్చే దగ్గు. తర్వాత మగగొంతు.

"సౌభాగ్యా."

మిషన్ మీద వదిన కాలు ఆగిపోయింది. నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి నా నోటి మీద పడింది.  ఇద్దరం అలాగే కూర్చున్నాం. రెండో పిలుపు రాలేదు.

ఆ మర్నాడూ అదే వేళకు వచ్చింది, ఆ తర్వాతా వచ్చింది. నాలుగిళ్ళ వాళ్ళు విన్నారు. ఇంకేముంది, లైనంతా గగ్గోలు. పంచకం ఇల్లు కాబట్టి శాంతాదేవి పిన్నే అన్నారు. మరి మగగొంతు కదా అని నేనడిగితే, ఎదురింటి కనకం "సచ్చినాక గొంతు మారిపోద్ది, నీకేటి తెలుసే" అని నన్నే కసిరింది. తను చచ్చి చూసొచ్చినట్టు! ఒకాయన దెయ్యాలు వదిలించే బైగాను పిలిపించి మంత్రం వేయిద్దామన్నాడు. పిల్లలకు మధ్యాహ్నాలు ఆట బంద్. దిలీప్ మాత్రం నవ్వి, "ఎవడిదో మొబైల్ అయ్యుంటుంది, ఛోడో" అన్నాడు. ఆయన డ్యూటీలో ఉంటాడు, ఆయనకేం.

వదిన వారం రోజులు ఆ వేళకి మిషన్ ఆపి, గోడకు చెవి పెట్టి వింది. ఒకనాడు నన్ను పిలిచి నెమ్మదిగా అంది.

"రాజశ్రీ, గొంతు ఆయనదేనే."

నేను ఆమె పక్కన చతికిలబడ్డాను. "అయితే... లేనట్టేనా వదినా?"

"అక్కడే తిరకాసుంది. గొంతు ఆయనదే, దగ్గు ఆయనది కాదు. ఇక్కడున్నన్నాళ్ళూ బీడీ ముట్టనేదు, ఒక్కనాడు దగ్గనేదు. ఆ వారంలోనే పోయుంటే ఈ దగ్గు ఎక్కడిది? దెయ్యానికి దగ్గొస్తాదేటే?"

 నేను భయపడుతుంటే ఈమె దగ్గును పట్టుకుని లెక్క తేలుస్తోంది. ఆమె చెప్పింది నాకు అర్థమయ్యేసరికి కాస్త టైము పట్టింది. అంటే రాజేంద్ర ఆ తర్వాత బతికాడు. దగ్గు పట్టేంత కాలం బతికాడు. ఇప్పుడూ ఉండొచ్చు. అయితే తాళం వేసిన ఇంట్లో ఎలా ఉన్నాడు? నాకు మొత్తం గజిబిజిగా అయిపోయింది.

"తాళం తీద్దాం పద" అంది వదిన.

ఆటోలో సర్కండా వెళ్ళాం. జగన్నాథం బాబాయి ముందు ఒప్పుకోలేదు. "ఆరు నెలలు కాకుండా ఆ తలుపు తియ్యకూడదమ్మా. మీ పిన్నికి మంచిది కాదు" అన్నాడు.

"గోడ దూకమంటావేటి బాబాయి, ఈ వయసులో?" అంది వదిన.

ఆయన తాళంచెవి తీసుకుని మా వెంట వచ్చాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయాడు. తాను రానన్నాడు. మేము లోపలికి అడుగు పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, పక్కవాళ్ళకు వినబడకుండా, "మీ పిన్ని ఏమైనా అగపడితే, నాను బాగానే ఉన్నానని చెప్పమ్మా. టైముకి తింటున్నానని చెప్పు" అన్నాడు. అంత భయంలోనూ నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

లోపల దుమ్ము వాసన. నేల మీద దుమ్ము పరుచుకుని ఉంది, మా చెప్పుల ముద్రలు పడుతున్నాయి. ముందుగది, పడగ్గది, వంటగది. వంటగదిలో గిన్నెలు తగిలించే ఇనుప కమ్మీ మీద ఒక రామచిలుక కూర్చుని ఉంది. పైన వెంటిలేటర్ అద్దం ఒక మూల పగిలి ఉంది. చిలుక మమ్మల్ని తల వంచి చూసింది. దగ్గింది.

"సౌభాగ్యా."

నేను గట్టిగా నవ్వేశాను. నవ్వాగలేదు. బయటికి పరుగెత్తి, "చిలక! బాబాయి, చిలక!" అని కేకలు పెట్టాను. లైనంతా పోగై గుమ్మంలోంచి వంటగది దాకా తొంగిచూసి నవ్వింది. కనకం అందరికంటే ఎక్కువ నవ్వి, తనకు ముందే తెలుసంది. జగన్నాథం బాబాయి ఒక్కడే నవ్వలేదు. "చిలకా" అని గుమ్మంలో కూలబడ్డాడు.

వదిన వంటగదిలోంచి కదల్లేదు. అందరూ పోయాక చూస్తే చిలుక ఎదురుగా నిలబడి ఉంది.

"ఎవులు నేర్పినారు నీకు?" అని అడుగుతోంది దాన్ని. "పుట్టినప్పుడే నా పేరు తెలిసిందేటి? ఆ దగ్గు తెలిసిందేటి?"

చిలుక ఈల వేసింది. స్టేషన్లో మైకు పలకబోయే ముందు వచ్చే ఆ గంట రాగం. తర్వాత ముసలి ఆడగొంతుతో ఛత్తీస్‌గఢీలో అరిచింది. "హమర్ కర్గీ కే చాహా! గరమ్ చాహా!"

మా కర్గీ టీ, వేడి టీ. కోటా ఊరికి స్టేషన్ కర్గీ రోడ్, కట్నీ లైనులో. మా ఊరి నుంచి పొద్దున ప్యాసెంజర్ ఎక్కితే టిఫిన్ వేళకు దిగిపోతాం. పదేళ్ళుగా వదిన వెతుకులాట అంతా విశాఖపట్నం, రాయగడ, అతని బంధువులున్న ఊళ్ళలో జరిగింది. వదిన గోడకు ఆనుకుని నిలబడింది. చిలుకకు పచ్చిమిరపకాయలు, జాంపండు ముక్క, చిన్న గిన్నెతో నీళ్ళు పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదని పొద్దున కళ్ళు చూస్తే తెలిసింది. కొత్త చీర కట్టుకుంది. తల్లో పూలు పెట్టుకుంది. చూసి నాకు భయం వేసింది. అంత ఆశ పెట్టుకోవద్దని చెప్పాలనుకుంటూనే ఆమె వెంట బండి ఎక్కాను.

కర్గీ రోడ్ స్టేషన్ బయట టీకొట్టు వెతకనక్కర్లేకపోయింది. మేము మెట్లు దిగుతుండగానే చిలుక అరిచిన గొంతే అచ్చంగా వినబడింది. "హమర్ కర్గీ కే చాహా!" బుధియారిన్ అనే ముసలమ్మ. చేతులకు పచ్చబొట్లు, చెవులకు వెండి. వదిన ఫోనులో పెళ్ళిఫొటో తీసి చూపించింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది, దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఏ తో హమర్ తెలుగు భాయీ ఏ" అంది. ఇతను మా తెలుగు తమ్ముడే అని.

తర్వాత వదిన ముఖం చూసింది, తల్లో పూలు చూసింది. బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆ టీ ఇవ్వడంలోనే నాకు సంగతి తెలిసిపోయింది. వదినకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది.

బుధియారిన్ చెప్పింది. ఎన్నో ఏళ్ళ కింద, చినిగిన బట్టల్తో బండి దిగాడట. పేరడిగితే చెప్పలేదు. ఊరడిగితే చెప్పలేదు. కట్టెలు కొట్టాడు, గ్లాసులు కడిగాడు, ఇక్కడే ఉండిపోయాడు. బండి కూత వినబడితే మాత్రం ముఖం పాలిపోయేది. బీడీలు పట్టుబడ్డాయి, దగ్గు పట్టుకుంది. గూట్లోంచి పడిన చిలకపిల్లను తెచ్చి పెంచాడు. రోజూ మధ్యాహ్నం బిలాస్‌పూర్ వెళ్ళే బండి కదిలాక, పంజరం దగ్గర కూర్చుని, అటు వైపు చూస్తూ, ఒక పేరు పిలిచేవాడు. ఒక్కసారే.

"నేనడిగాను" అంది బుధియారిన్. "ఒక్కసారే ఎందుకు పిలుస్తావు తమ్ముడూ, ఇంకోసారి పిలవరాదా అని. ఏమన్నాడో తెలుసా? ఇంటికెళ్ళి ఒకసారి పిలిచాను అక్కా, లోపల ఉండి కూడా పలకలేదు. నా వల్ల ఒక మనిషి పోయాడు, అందుకే తలుపు తీయలేదు. మళ్ళీ పిలిచే మొహం నాకు లేదు అన్నాడు."

వదిన చేతిలో గ్లాసు ఒలికింది. నేను పట్టుకున్నాను. ఎవరూ పోలేదని, అప్పలస్వామి ఇప్పుడు కూడా స్టేషన్లో కూర్చుని చేసే పనిలో ఉన్నాడని, విజిల్ ఊదావని అతనే చెప్పాడని, ఆ మధ్యాహ్నం తలుపు తీయనిది కోపంతో కాదని, ఇవన్నీ ఎవరికి చెప్పుకోవాలి? పోయిన వానాకాలంలో ఛాతీ పట్టేసి పోయాడట. స్టేషన్ కూలీలు, టీకొట్ల వాళ్ళు కలిసి సాగనంపారట. ఏ పేరుతో కర్మ చెయ్యాలో తెలీక తెలుగు భాయి అనే చేశారట.

వదిన ఏడవలేదు. ఆమె అడిగిన ప్రశ్న నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "నేను బతికున్నానని ఆయనకి తెలుసా?" అని అడిగింది. బుధియారిన్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకూ అప్పటికి కాలేదు.

నేనే మాట మార్చాను. "చిలక మా దగ్గరే ఉంది అమ్మా. ఎగిరి మా లైనుకే వచ్చింది. భద్రంగా చూసుకుంటాం."

ముసలమ్మ నా వైపు వింతగా చూసింది. "మిట్ఠూ? మిట్ఠూ తో మర్ గిస్."

చచ్చిపోయిందట. అతను పోయాక గింజ ముట్టలేదట. పదో రోజు కర్మ కాకముందే పంజరంలో పడి ఉందట. కొట్టు వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. వాళ్ళు బిహీ అంటారు, జామచెట్టు. దాని మొదట్లో చిన్న రాతిగుట్ట. కొమ్మకు ఖాళీ పంజరం వేలాడుతోంది.  మరి మేము మిరపకాయలు పెట్టింది దేనికి?

తిరుగు బండిలో నేను ఆపకుండా మాట్లాడాను. అది వేరే చిలకై ఉంటుందన్నాను. అన్నదమ్ముల్లా రెండు చిలకలు ఉండి ఉంటాయన్నాను. ముసలమ్మకు మతి తప్పిందన్నాను. వదిన కిటికీలోంచి అడవిని చూస్తూ కూర్చుంది.

ఇంకా పొద్దుండగానే వచ్చాం. నేరుగా వెళ్ళి జగన్నాథం బాబాయి ఇంటి తాళం తీసింది. వంటగదిలో కమ్మీ ఖాళీ. మిరపకాయలు పెట్టినవి పెట్టినట్టే వాడి ఉన్నాయి. జామముక్క మీద ఒక్క గాటు లేదు. "ఎగిరిపోయింది" అన్నాను నేను.

వదిన వెంటిలేటర్ కింద స్టూలు వేసుకుని ఎక్కింది. చీర పీకో చూసినట్టు చూసింది. "పగిలిన చోట సాలెగూడు చెక్కుచెదరనేదు సూడు. ఎలగ దూరింది, ఎలగ పోయింది?" దిగి, కమ్మీ కింద దుమ్ములో వేలు పెట్టి రాసింది. "వారం రోజులు పిట్ట ఉన్న చోట రెట్ట ఉండదేటే? ఒక్క ఈక రాలదేటే?"

దుమ్ములో మా చెప్పుల ముద్రలు తప్ప ఏమీ లేవు. ఇంతమందిమి కళ్ళారా చూశాం. కనకం చూసింది, బాబాయి చూశాడు. నేను వెర్రిదాన్నైతే లైనంతా వెర్రిదేనా? నాకు ఏమీ అర్థం కాలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా కావడం లేదు.

ఆ సాయంత్రం వదిన మంగాయమ్మ పక్కన కూర్చుని, చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పింది. లైనంతా వినబడినా సరే అన్నట్టు అరిచింది. "అత్తా! ఆ దినం పిలిచింది మనిషే! నీ కొడుకే! బతికే వచ్చినాడు! సిగ్గుపడి ఒకపాలే పిలిచినాడు!" ముసలమ్మ విన్నది. తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఆ రాత్రి ఆ చెయ్యి చింతపండు ముట్టలేదు, అన్నం కూడా ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాకముందే నేను వాళ్ళింటికి వెళ్ళిపోయాను. వదిన వీధి తలుపు మూసి, దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆమె ఏం చెయ్యబోతోందో నాకు తెలిసింది. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"వదినా, పలకొద్దు. నీకు దండం పెడతాను. అతను లేడని తెలిసింది కదా. ఇప్పుడు పిలిచేది మనిషి కాదు. పలికితే నిన్ను తీసుకుపోతాడు."

"మనిషొచ్చి పిలిచిననాడు దెయ్యమని పలకనేదు" అంది వదిన. "ఈరోజు దెయ్యమే అవనీ, మనిషనుకుని పలుకుతాను. తీసుకుపోతే పోనీ."

"మరి ఈ ముసలమ్మ?"

ఆమె పీట తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. నిజం చెప్తున్నాను, నాకు ఆమె మీద చచ్చేంత కోపం వచ్చింది. భయం వల్ల వచ్చిన కోపం. పలకబోతే నోరు మూసేద్దామని పక్కనే, చెయ్యి సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

ఎండ గుమ్మం కింద సందులోంచి గీతలా పడుతోంది. ఈసారి దగ్గు పక్కింట్లోంచి రాలేదు. మేము కూర్చున్న వీధి తలుపు అవతల, మెట్టు మీద నుంచి వచ్చింది.

"సౌభాగ్యా."

నా చెయ్యి లేచింది. దాన్ని ఎవరో గట్టిగా పట్టి ఆపారు. చూస్తే మంగాయమ్మ. పిడుగు పడినా వినబడని ముసలిది మంచం దిగి ఎప్పుడొచ్చిందో, ఎలా విన్నదో. కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఎడమచేత్తో కోడలి వీపు మీద తట్టింది.

"పలుకే" అంది. "బేగి పలుకే అమ్మా. ఇంకోపాలి పిలవడు ఆడు."

"ఆఁ" అంది వదిన.  మళ్ళీ గట్టిగా అంది. "ఆఁ, ఉన్నాను! వస్తన్నాను! తలుపు తీస్తన్నాను!"

గడియ తీసింది. రెండు తలుపులూ బార్లా తెరిచింది. నేను కళ్ళు మూసుకున్నాను, మళ్ళీ తెరిచాను. మెట్టు మీద ఎండ ఉంది. వదిన గుమ్మంలో నిలబడి కాసేపు ఎదురుగా చూసింది. తర్వాత ఒక పక్కకు తప్పుకుంది, చేతినిండా సామానుతో ఇంటికొచ్చిన మనిషికి దారి ఇచ్చేటప్పుడు తప్పుకున్నట్టు.

"వచ్చినాడేటే?" అని అడిగింది మంగాయమ్మ.

"వచ్చినాడత్తా" అంది వదిన. అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత ఆ పిలుపు ఎవరికీ వినబడలేదు. వదినకు ఏమీ కాలేదు, నిక్షేపంగా ఉంది, నిన్ననే నా జాకెట్టు బిగుతుగా కుట్టిందని దెబ్బలాడాను. ఆరు నెలలు నిండాక జగన్నాథం బాబాయి తన ఇంటికి తిరిగొచ్చాడు. రాజేంద్రకు అతని పేరుతోనే కర్మ దగ్గరుండి జరిపించింది కూడా ఆయనే. బుధియారిన్ కర్గీ నుంచి వచ్చింది. అప్పలస్వామి కర్ర ఊతంతో వచ్చి, ఓ మూల కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "ఆడు ఊదినాడు, ఊదినాడు" అని చెబుతూనే ఉన్నాడు.

పదో రోజున లైను ఆడవాళ్ళు మళ్ళీ తికమక పడ్డారు. ఇన్నాళ్ళకు తెలిసింది కదా, ఇక బొట్టు తీయించాలి కదా, ఎవరు తీయించాలి? కనకం పెద్దరికం మీద వేసుకుని ముందుకొచ్చింది. నేను చీర కొంగు దోపుకుని లేచాను, ఆ రోజు ఆమెతో తేల్చుకుందామనే. నా దాకా రాలేదు. మంగాయమ్మ కుంకుమ భరిణె పట్టుకుని మధ్యలోకి వచ్చి, కుడి అరచేత్తో కోడలి ముఖం తుడిచి, నుదుటి మీద పెద్ద బొట్టు పెట్టింది.

"పోయినోడి పెళ్ళాం కాదిది" అంది అందరితో. "నా కొడుకు ఇంటికొచ్చీసినాడు. ఇదే తలుపు తీసింది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. శ్రావణ శుక్రవారం పేరంటానికి నేను వదినను పేరు పెట్టి గుమ్మంలోంచి పిలిచాను. ఒక్కసారే పిలిచాను. ఆమె వెంటనే పలికి, పసుపు రాయించుకోవడానికి పాదాలు ముందుకు చాపింది.